ఈఎమ్‌ఐ కట్టలేని పరిస్థితిలో రికవరీ వాళ్ళతో ఎలా డీల్ చేయాలి

ఉద్యోగం పోయింది, లేదా ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అయింది, లేదా వ్యాపారం దెబ్బతింది, కారణం ఏదైనా కానీ ఈ నెల ఈఎమ్‌ఐకి అకౌంట్లో డబ్బుల్లేవు, వచ్చే నెల కూడా ఉండవని మీకు తెలుసు, పొద్దున్నుంచి కొత్త కొత్త నంబర్ల నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. డబ్బులుండి ఎగ్గొడదాం అనుకునేవాళ్ళకి ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు.

ఇలాంటి టైమ్‌లో చాలామంది చేసే పెద్ద తప్పు ఒకటుంది, ఎవడు గట్టిగా అరిస్తే వాడికి ముందు కట్టేస్తారు. క్రెడిట్ కార్డు వాళ్ళ ఏజెంట్ బూతులు తిట్టాడని ఇంటి అద్దెకి దాచిన డబ్బు తీసి వాడికి పంపిస్తారు, మర్నాడు పర్సనల్ లోన్ వాడు అరుస్తాడు, వాడి కోసం ఏదో యాప్‌లో ఇంకో లోన్ తీస్తారు, మూడు నెలలు తిరిగేసరికి రెండు అప్పులు ఆరు అవుతాయి, అద్దె కూడా బాకీ పడుతుంది. అరుపులు ఎంత గట్టిగా ఉన్నాయి అన్నదానికీ ఏ అప్పు ముందు కట్టాలి అన్నదానికీ అసలు సంబంధమే లేదు. ఏది ముందు కట్టాలో మీరే కూర్చుని తేల్చుకోవాలి, ఫోన్ చేసేవాడు కాదు.

అందుకే మొదటి పని ఫోన్ పక్కన పెట్టి ఒక నోట్‌బుక్ తీసుకోవడం. ఉన్న అప్పులన్నీ రాయండి, ఎవరి దగ్గర, ఇంకా ఎంత కట్టాలి, నెలకి ఎంత, ఎన్ని నెలలు పెండింగ్, తాకట్టు ఏమైనా ఉందా, ఎవరైనా జామీను ఉన్నారా, ఖాళీ చెక్కులు ఇచ్చారా. ఈ చివరి రెండూ చాలామంది రాయరు కానీ అవే ముఖ్యం, ఎందుకంటే జామీను పెట్టినవాళ్ళ మీద చట్టం ప్రకారం మీతో సమానంగా బాధ్యత ఉంటుంది, మీరు ఆగిపోతే వాళ్ళ ఇంటికి కూడా వెళ్తారు, కాబట్టి వాళ్ళకి ఏజెంట్ చెప్పేకంటే ముందు మీరే చెప్పడం మర్యాద.

తర్వాత నెలకి వచ్చే డబ్బు రాసుకుని, అందులోంచి ముందు తిండి, అద్దె, కరెంటు, మందులు, పిల్లల చదువు తీసేయండి. వీటి గురించి గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు, ఇల్లు గడవకపోతే మీరు సంపాదించలేరు, సంపాదించకపోతే ఏ అప్పూ తీరదు. మిగిలినదాంట్లో ముందు తాకట్టు ఉన్నవి చూడండి, అంటే హోమ్ లోన్, గోల్డ్ లోన్, మీ సంపాదనకి ఆధారమైన బండి మీద లోన్. ఆ తర్వాత చెక్కులు ఇచ్చినవి, జామీనుదారులు ఉన్నవి. తాకట్టు లేని పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డులు చివర్లోకి వస్తాయి. విచిత్రంగా ఫోన్లు ఎక్కువ వచ్చేది ఈ చివరి వాటి నుంచే, ఎందుకంటే అక్కడ జప్తు చేసుకోడానికి వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు, ఒత్తిడి పెట్టడమే వాళ్ళకున్న దారి.

ఇంకో ప్రాక్టికల్ విషయం. మీ జీతం పడే అకౌంటూ లోనూ ఒకే బ్యాంకులో ఉంటే, పెండింగ్ పడ్డాక ఆ అకౌంట్లో పడే డబ్బుని బ్యాంకు హోల్డ్ చేసి బాకీకి సర్దుకునే అవకాశం ఉంటుంది. ఇల్లు గడవడానికి కావాల్సిన డబ్బు వేరే బ్యాంకు అకౌంట్లోకి వచ్చేలా ముందే మార్చుకోండి. అలాగే ఆటో డెబిట్ డేట్‌కి డబ్బులుండవని తెలిస్తే బ్యాంకుకి ముందే మెయిల్ పెట్టండి, బౌన్స్ అయిన ప్రతిసారీ అటు లోన్ ఇచ్చినవాళ్ళూ ఇటు మీ బ్యాంకూ ఇద్దరూ చార్జీలు వేస్తారు.

ఏజెంట్ దాకా వెళ్ళకముందే బ్యాంకుకి రాయడం మంచిదని ఎందుకంటున్నానంటే, 90 రోజులు దాటితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, అప్పటిదాకా ఈఎమ్‌ఐ తగ్గించి కాలం పెంచడం, కొన్నాళ్ళు వడ్డీ మాత్రమే కట్టించుకోవడం లాంటివి అడగడానికి కాస్త చోటుంటుంది. ఇవ్వాలని రూల్ లేదు, కానీ అడిగినట్టు రికార్డు ఉండటం తర్వాత చాలా పనికొస్తుంది. మెయిల్ పెద్దగా రాయక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: "నా లోన్ నంబర్ ఫలానా. ఫలానా నెలలో నా ఉద్యోగం పోయింది, దానికి సంబంధించిన లెటర్ జత చేశాను. ప్రస్తుతం నా ఆదాయం ఇంత, ఇంటి ఖర్చులు పోను నెలకి ఇంత మాత్రమే కట్టగలను. లోన్‌ని రీస్ట్రక్చర్ చేయమని కోరుతున్నాను. ఇక నుంచి సమాచారం రాతపూర్వకంగా పంపండి." ఇందులో కట్టగలను అని రాసే అంకె నిజంగా కట్టగలిగేదే అయ్యుండాలి. మొహమాటానికి పెద్ద అంకె రాసి రెండో నెలే తప్పితే తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఫోన్ల సంగతి. ఫోన్ ఎత్తకుండా స్విచాఫ్ చేసి కూర్చోవడం వల్ల వాళ్ళు మీ రిఫరెన్స్ నంబర్లకి చేయడం మొదలుపెడతారు, అలాగని రోజుకి ఇరవై ఫోన్లు ఎత్తి ప్రతి ఒక్కడికీ మీ కథంతా చెప్పక్కర్లేదు. ఒక్కసారి ఎత్తండి, కాల్ రికార్డింగ్ ఆన్ చేయండి, మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, ఏ లోన్ గురించి అని అడిగి రాసుకోండి. తర్వాత చెప్పాల్సింది ఇంతే: "నాకు బాకీ ఉందని ఒప్పుకుంటున్నా, ప్రస్తుతం కట్టే స్తోమత లేదు, ఫలానా తారీఖున బ్యాంకుకి మెయిల్ పెట్టాను, దాని మీద జవాబు రాతలో ఇవ్వమనండి." వాడు రెచ్చగొడతాడు, పరువు లేదా, పెళ్ళాం పిల్లలు లేరా అంటాడు, మీరు తిరిగి తిట్టొద్దు, మీరు తిట్టిన ముక్క కూడా అవతల రికార్డవుతుంది. చెప్పాల్సింది చెప్పి పెట్టేయండి. "రేపు కట్టేస్తా", "సోమవారం పక్కా" లాంటి మాటలు మాత్రం అస్సలు ఇవ్వకండి, ఆ క్షణానికి ఫోన్ పెట్టించడానికి ఇచ్చిన మాట సోమవారం నాటికి పది ఫోన్లై తిరిగొస్తుంది. ఓటీపీలు చెప్పడం, వాళ్ళు పంపిన లింక్‌లో కట్టడం, ఏజెంట్ సొంత నంబర్‌కి డబ్బు పంపడం, ఈ మూడూ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కట్టేది ఎంతైనా లోన్ అకౌంట్‌కే కట్టండి, అప్పటికప్పుడు రసీదు తీసుకోండి.

ఏజెంట్లకి హద్దులున్నాయి, అవి బ్యాంకు దయతో పెట్టుకున్నవి కావు, రిజర్వ్ బ్యాంక్ పెట్టినవి. 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బాకీ వసూలు కోసం పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, కుటుంబసభ్యుల, స్నేహితుల, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ళ జోలికెళ్ళకూడదు, ఫోన్లోగానీ సోషల్ మీడియాలోగానీ అసభ్యంగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఇది బ్యాంకులకీ ఎన్‌బీఎఫ్‌సీలకీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలకీ, వర్తిస్తుంది. గ్రూపు లోన్లు, అంటే మైక్రోఫైనాన్స్ వాటికి ఇంకా గట్టిగా ఉంది, 2022 మార్చిలో వచ్చిన నిబంధనల్లో పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత చేయకూడదని రాశారు. అనుకున్న చోటే వసూలు చేసుకోవాలి, వరసగా రెండుసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. గ్రూపు లోన్లలో మిగతా ఆడవాళ్ళందర్నీ తీసుకొచ్చి ఒకరి గుమ్మం ముందు రాత్రిదాకా కూర్చోబెట్టడం చాలా ఊళ్ళల్లో మామూలైపోయింది, అది మామూలు కాదు, రూల్‌కి పూర్తి విరుద్ధం. పక్కింటి అక్కలతో గొడవ పడొద్దు, వాళ్ళనీ భయపెట్టే తీసుకొస్తారు. తీసుకొచ్చిన ఫీల్డ్ ఆఫీసర్ పేరు, టైమ్ రాసుకుని ఫోటో తీసి కంపెనీకి కంప్లైంట్ పెట్టండి.

ఇంటికి వస్తే లోపలికి రానివ్వాలన్న రూల్ ఎక్కడా లేదు. గుమ్మం దగ్గరే నిలబెట్టి ఐడీ కార్డూ, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరూ చూపించమనండి, ఏజెంట్ అవి దగ్గర పెట్టుకునే రావాలి, ఏ ఏజెన్సీకి ఇచ్చారో బ్యాంకు కూడా మీకు ముందే తెలియజేయాలి. కార్డు లేనివాడితో మాట్లాడాల్సిన పనే లేదు. ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు ఉంటే వాళ్ళకి ముందే చెప్పిపెట్టండి, ఎవరైనా వస్తే తలుపు తీయకుండా "ఆయన లేరు, లెటర్ ఉంటే పెట్టి వెళ్ళండి" అంటే చాలని. తలుపులు బాదడం, కేకలు పెట్టడం, కదలమంటే కదలకపోవడం జరిగితే 112కి ఫోన్ చేయండి. అప్పు ఉన్నంత మాత్రాన పోలీసుల్ని పిలిచే హక్కు మీకు పోదు.

బండి లోన్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. సీజింగ్ వాళ్ళు రోడ్డు మీద ఆపి తాళం లాక్కుంటారు. అగ్రిమెంట్‌లో బండి స్వాధీనం చేసుకునే క్లాజ్ ఉంటుంది, కానీ అందులోనే ముందు నోటీసు గురించీ, అమ్మేముందు కట్టడానికి చివరి అవకాశం ఇవ్వడం గురించీ కూడా ఉండాలి. గూండాల్ని పెట్టి బలవంతంగా వసూళ్ళు చేయకూడదని సుప్రీం కోర్టు 2007లోనే చెప్పింది. అయినా నలుగురు చుట్టుముట్టినప్పుడు బండి కోసం కొట్టుకోకండి, ప్రాణం ముఖ్యం. 112కి చేయండి, వీడియో తీయండి, లోపలున్న సామాన్లు తీసుకోండి, "నా ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నా" అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. బండి అమ్మాక కూడా బాకీ మిగిలితే అది మీ మీదే ఉంటుందని గుర్తుపెట్టుకోండి, అందుకే కట్టే ఆశ లేదని తేలిపోతే ఫైనాన్స్ వాళ్ళ అనుమతితో మీరే మంచి రేటుకి అమ్మి క్లియర్ చేయడం చాలాసార్లు మేలు. గోల్డ్ లోన్‌కీ ఇదే వర్తిస్తుంది, వేలందాకా రానివ్వొద్దు, ఒకవేళ వేలం అయిపోతే బాకీ పోను మిగిలిన డబ్బు మీది, అడిగి తీసుకోండి.

ఇక అందరూ భయపడే మాట, జైలు. తీసుకున్న లోన్ కట్టలేకపోవడం సివిల్ విషయం, దానికి పోలీసులొచ్చి అరెస్ట్ చేయరు. "మీ మీద ఎఫ్‌ఐఆర్ అయింది, సాయంత్రం టీమ్ వస్తోంది" అని వాట్సాప్‌లో సింహం బొమ్మ ఉన్న లెటర్ వస్తే దాని కింద కేసు నంబరు, కోర్టు పేరు ఉన్నాయా చూడండి, ఉంటే ఈకోర్ట్స్ వెబ్‌సైట్లో ఆ నంబర్ కొట్టి చూడండి. ఎక్కువగా ఏమీ ఉండదు.

కానీ ఇక్కడ సగం తెలుసుకుని ధీమాగా ఉండిపోవడం కూడా ప్రమాదమే. చెక్కు బౌన్స్ అనేది క్రిమినల్ కేసే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు అందిన 15 రోజుల్లో ఆ డబ్బు కట్టకపోతే కేసు వేయొచ్చు, రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆటో డెబిట్ బౌన్స్‌కి కూడా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద ఇలాంటిదే ఉంది. ఈ కేసులు రాజీ చేసుకోడానికి వీలున్నవే, చాలావరకు అలాగే ముగుస్తాయి, కానీ సమన్లు వచ్చాక కోర్టుకి వెళ్ళకపోతే వారెంట్ వస్తుంది, అప్పుడు పోలీసులు నిజంగానే వస్తారు. అలాగే లోన్ కోసం దొంగ జీతం స్లిప్పులు, తప్పుడు కాగితాలు పెట్టుంటే అది చీటింగ్ కిందికొస్తుంది, అలాంటప్పుడు వెంటనే లాయర్‌ని కలవండి. కోర్టు నుంచి వచ్చిన ఏ కవరూ వెనక్కి పంపకండి, తీసుకోండి, తారీఖు చూడండి, వెళ్ళండి.

లోక్ అదాలత్ నోటీసు వస్తే కంగారు పడొద్దు, అది శిక్ష వేసే చోటు కాదు, రాజీకి పిలుపు. మీకు కుదిరే అంకె వస్తేనే ఒప్పుకోండి, ఒప్పుకున్నాక మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు. ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే కోర్టు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గర తేల్చుకుందామనే నోటీసు, ఎక్కడో దూరం ఊరి నుంచి వస్తే చెత్తబుట్టలో పడేయకండి, "ఆర్బిట్రేటర్‌ని మీరొక్కరే నియమించుకోవడానికి నేను ఒప్పుకోను" అని రాసి పంపండి, ఒక పక్షం తనంతట తానే నియమించుకోవడం చెల్లదని సుప్రీం కోర్టు తీర్పులున్నాయి.

ఇల్లు తాకట్టు ఉంటే సర్ఫేసీ చట్టం, 2002 (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) సెక్షన్ 13(2) కింద వచ్చే నోటీసు చాలా సీరియస్. అందులో 60 రోజులు గడువిస్తారు, ఆ గడువులో మీరు అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో వాళ్ళు కారణాలతో జవాబివ్వాలి. ఆ తర్వాత స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లోపు డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్ళొచ్చు, మనకి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. వ్యవసాయ భూమిని ఈ చట్టం కింద స్వాధీనం చేసుకోడానికి లేదు. ఈ గడువులు దాటిపోయాక లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన చేయగలిగేది చాలా తక్కువ, నోటీసు అందిన వారంలోనే వెళ్ళండి.

లాయర్‌కి డబ్బుల్లేవంటారా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి, కోర్టు కాంప్లెక్స్‌లోనే ఉంటుంది, ఫోన్ నంబర్ 15100. ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంది. ఇది ఉందని తెలియక బంగారం అమ్మి ఫీజులు కట్టినవాళ్ళున్నారు, అది తలుచుకుంటే బాధేస్తుంది.

ఒకవేళ కేసు ఓడి డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు తీర్పు, వచ్చినా ఉన్నదంతా ఊడ్చుకుపోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, మత సంప్రదాయం ప్రకారం తీయకూడని ఆడవాళ్ళ నగలు అంటే మంగళసూత్రం లాంటివి, చేతివృత్తి పనిముట్లు, ఇవేవీ జప్తు చేయకూడదు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. పీఎఫ్ డబ్బు జోలికి కూడా రాకూడదు. అదీ కోర్టు ఆర్డర్‌తో కోర్టు మనిషి రావాలి, ఏజెంట్ వచ్చి టీవీ తీసుకెళ్తా అంటే వాడికి ఆ అధికారం లేదు.

హద్దు దాటితే కంప్లైంట్ ఎలా? ముందు ఆ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్, ఏ తారీఖు, ఏ టైమ్, ఏ నంబర్, ఏం అన్నాడు, రికార్డింగ్, స్క్రీన్‌షాట్లు. మీ ఫిర్యాదు తేలేదాకా కేసుని రికవరీ ఏజెన్సీకి పంపకూడదని బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ 2008లోనే చెప్పింది, ఆ ముక్క మెయిల్‌లో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా వెంటనే ఆర్‌బీఐ (రిజర్వ్ బ్యాంక్) అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారికి, సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. అంబుడ్స్‌మన్ మీ అప్పు మాఫీ చేయడు, వేధింపు ఆపించడానికి మాత్రం ఇది బాగా పనికొచ్చే దారి.

లోన్ యాప్‌ల కథ వేరు. ఏడు రోజుల లోన్ ఇచ్చి, కాంటాక్ట్స్ లాగి, ఫోటోలు మార్ఫ్ చేసి చుట్టాలకి పంపేవాళ్ళు రికవరీ ఏజెంట్లు కారు, నేరస్తులు. రూల్ ప్రకారం నడిచే యాప్ మీ కాంటాక్ట్స్, ఫైల్స్ అడగనే కూడదు, వెనకాల ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ ఉందో చెప్పాలి. 2025 జులై నుంచి అలాంటి యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్లోనే ఉంది. అందులో లేనివాళ్ళు బెదిరిస్తుంటే ఒక్క రూపాయి కూడా ఎక్స్‌ట్రా పంపొద్దు, పంపేకొద్దీ ఇంకా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు తీసి, యాప్‌కిచ్చిన పర్మిషన్లు తీసేసి, 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టండి. తర్వాత మీరే కాంటాక్ట్స్ అందరికీ ఒక మెసేజ్ పెట్టేయండి, "నా ఫోన్ డేటా మోసగాళ్ళ చేతిలో పడింది, నా పేరుతో ఫోటోలు, మెసేజ్‌లు వస్తే నమ్మకండి, పోలీసులకి చెప్పాను" అని. ఈ ఒక్క మెసేజ్‌తో వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం సగం పోతుంది. ఇలాంటి ఫోటోల వల్ల చచ్చిపోవాలనిపించే స్థాయికి వెళ్ళినవాళ్ళున్నారు. మీకలా అనిపిస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరికి ఈ రోజే చెప్పండి, మానసిక సాయం ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఏ టైమ్‌లోనైనా తెలుగులోనే మాట్లాడతారు. ఏ అప్పూ మీ ప్రాణమంత పెద్దది కాదు.

సెటిల్‌మెంట్ గురించి. తాకట్టు లేని లోన్ కొన్ని నెలలు ఆగిపోయాక ఏజెంట్లే "ఇంత కట్టెయ్, క్లోజ్ చేస్తాం" అంటారు. మొదటిసారి చెప్పిన అంకెకే ఊఁ అనక్కర్లేదు, బేరం ఉంటుంది. కానీ ఫోన్లో చెప్పింది సెటిల్‌మెంట్ కాదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద లేదా బ్యాంకు అఫీషియల్ మెయిల్ నుంచి లెటర్ రావాలి, అందులో లోన్ నంబర్, మొత్తం, కట్టాల్సిన తారీఖు, దీంతో పూర్తిగా ముగిసినట్టే అన్న మాట ఉండాలి, ఆ లెటర్ బ్రాంచ్‌లో చూపించి నిజమైనదేనా అని కనుక్కున్నాకే కట్టండి. వాయిదాల్లో అయితే ఒక్క వాయిదా తప్పినా మొత్తం రద్దయ్యే షరతు ఉంటుంది, చూసుకోండి. సెటిల్ చేస్తే క్రెడిట్ రిపోర్ట్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, కొన్నేళ్ళు కొత్త లోన్లు కష్టమవుతాయి. అయినా నా అభిప్రాయంలో ఇల్లు గడవనివాడికి స్కోర్ గురించి దిగులు అనవసరం. ఏజెంట్లు ఆ స్కోర్‌ని చూపించే ఎక్కువ భయపెడతారు, మీరు ఇప్పట్లో కొత్త లోన్ తీసుకునే ఉద్దేశంలో లేరు కదా.

పాత అప్పులకి ఇంకోటి తెలుసుకోవాలి. మామూలు లోన్లకి, ప్రామిసరీ నోట్లకి దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది, ఆ గడువులోపు మీరు కొంత కట్టినా, బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతుంది. అందుకే పాత బాకీ గురించి ఎవరైనా వచ్చి "వెయ్యి కట్టి ఇక్కడ సంతకం పెట్టు" అంటే లాయర్‌ని అడగకుండా పెట్టకండి. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేద్దామా అని కూడా కొందరు అడుగుతారు, 1920 నాటి చట్టం కింద అది ఇప్పటికీ ఉంది, కానీ మీ ఆస్తులన్నీ కోర్టు చేతికి వెళ్తాయి, అప్పులవాళ్ళందరూ కోర్టుకొస్తారు, ఏళ్ళు పడుతుంది, దాన్ని చివరి దారిగానే చూడండి.

అంతా కట్టేశాక లేదా సెటిల్ అయ్యాక నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోండి, ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేయించండి. లోన్ మొత్తం తీరాక ఇంటి కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ళ వల్ల లేటైతే రోజుకి 5000 రూపాయలు మీకివ్వాలి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్ట్ తెరిచి చూడండి, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తుంటే కంప్లైంట్ పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం వస్తుంది. సెటిల్‌మెంట్ లెటర్, రసీదు, నో డ్యూ సర్టిఫికెట్ మూడూ స్కాన్ చేసి మెయిల్‌లో దాచుకోండి, క్లోజ్ అయిన లోన్ మీద రెండేళ్ళ తర్వాత కూడా ఇంకో ఏజెన్సీ ఫోన్ చేస్తుంది, అప్పుడు ఆ మూడూ పంపిస్తే చాలు.